కార్కు నేలలు

తమిళనాటి ధర్మపురి ప్రాంతమున శిలకు కొదువ లేదు. కొండలనుండి కోసి మెరుగుపెట్టిన గ్రానైటు పలకలు అచ్చటి యిండ్లలోను కార్యాలయములలోను పరచబడి, వేసవియందు పాదములకు చల్లదనము నొసగుచున్నవి. కాని ఆ శిల వృద్ధుల మోకాళ్లకు కఠినము. జారిపడిన గిన్నె చప్పుడు ఇల్లెల్ల మ్రోగును. ఈ లోపములు లేనిది కార్కు నేల.

పోర్చుగల్, స్పెయిన్ మున్నగు మధ్యధరా దేశములలో పెరుగు ఒకజాతి ఓకు వృక్షపు బెరడే కార్కు. మొక్క సుమారు 25 ఏండ్లు పెరిగిన పిదప తొలిసారి బెరడు నొలిచి, అటుపై 9 ఏండ్లకొకమారు ఒలుతురే కాని చెట్టును కూల్చరు. ఆంగ్ల శాస్త్రజ్ఞుడైన రాబర్టు హుక్ 1665లో ప్రకటించిన గ్రంథమున, సూక్ష్మదర్శినితో తాను కార్కునందు చూచిన చిన్నచిన్న గదులను వర్ణించెను. ఆ గదులలో చిక్కుకొన్న గాలివలననే దీనికి మెత్తదనమును, చప్పుడు నణచు గుణమును, వేడిమి నాపు శక్తియు కలిగినవి.

సీసా బిరడాలు చేయగా మిగిలిన తునకలను పొడిచేసి, జిగురు కలిపి, వేడిమితో అదిమి పలకలు చేయుదురు. అమెరికాలో 1930 దశాబ్దమున ఫ్రాంక్ లాయిడ్ రైట్ నిర్మించిన ఫాలింగ్‌వాటర్ భవనపు స్నానశాలలలో కార్కు పలకలే పరచిరి. గ్రంథాలయములకును ఇది తగినది.

అయితే కడవలతో నీళ్లు పోసి కడుగు మన అలవాటు దీనికి సరిపడదు. నిలిచిన నీరు అతుకులలో దిగి పలకలను ఉబ్బించును, తీవ్రమైన యెండ రంగును వెలిసిపోజేయును, బరువైన బీరువాల కాళ్లు గుంటలు పడజేయును. కావున వంటయింటికిని వాకిటికిని గ్రానైటును, పడకగదికిని పఠనమందిరమునకును కార్కును ఎంచుకొనుట వివేకము.