సూదిమందు ఒక్కటి చాలదు

(సూరత్ నగరంలోని వడోద్‌లో రైల్వే, తపాలా ఉద్యోగుల కుటుంబ సభలో చేసిన ప్రసంగ పాఠం)



జీతభత్యాలు, బోనస్, పింఛను, ఖాళీల భర్తీ – మన సభలలో నిత్యం వినబడే మాటలివి. నేడు నన్ను మాట్లాడమని కోరిన విషయం పాలు త్రాగే పసిబిడ్డల ఆరోగ్య పరీక్షలు. యూనియన్ సభలో ఈ ప్రస్తావన ఎందుకని వెనుక వరుసలో ఒకరిద్దరు గుసగుసలాడుకోవడం నాకు కనబడుతున్నది. చివరిదాకా వినవలసిందిగా వారిని కోరుతున్నాను. ఇది కూడా కూలికి, గుర్తింపుకు సంబంధించిన వ్యవహారమేనని వారే ఒప్పుకొంటారు.

మనం కూర్చున్న ఈ వడోద్ ఒకనాటి పల్లె. భెస్తాన్ స్టేషనుకు, పాండేసరా పారిశ్రామికవాడకు చేరువలో ఉండడం చేత నగరం దీనిని తనలో కలుపుకొన్నది. ఈ దక్షిణ సూరత్ వీధులలో గుజరాతీ కంటె ఒడియా, మరాఠీ, హిందీ, తెలుగు ఎక్కువగా వినబడే చోట్లు అనేకం. ఇక్కడి తెలుగువారిలో అధికులు కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుండి వచ్చిన నేత కుటుంబాలవారు. చేతిమగ్గం అన్నం పెట్టలేని స్థితి వచ్చిన తరువాత మరమగ్గాన్ని వెదకుకొంటూ తపతీ తీరం చేరారు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో సైతం ప్రాథమిక పాఠశాలలు నడుపుతున్నదంటే వారి సంఖ్య ఎంతటిదో ఊహించుకోవచ్చును. భర్త పన్నెండు గంటల పాళీలో మగ్గం ముందు నిలబడతాడు. భార్య ఇంటివద్ద చీరల దారపు కొసలు కత్తిరించి, లేసులు కుట్టి, చీరకింత అని కూలి తీసుకొంటుంది. ఒక పూట ఆరోగ్య కేంద్రం వద్ద వరుసలో నిలబడితే ఆ పూట కూలి పోయినట్లే. ఈ సంగతి మరువకుండా మనం ముందుకు పోవాలి.

1994 సెప్టెంబరులో ఈ నగరాన్ని ప్లేగు భయం ముంచెత్తింది. లక్షలాది జనం రైళ్లెక్కి పారిపోయిన ఆ దినాలను ఇక్కడి రైల్వే సోదరులలో వయసు మీరినవారు మరచిపోయి ఉండరు. ఆ పిమ్మట 1995లో కమీషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావుగారి హయాంలో నగరం రూపు మారింది. చెత్త ఎత్తడం, జ్వరాల లెక్క ఏ రోజుకారోజు తెప్పించుకోవడం అలవాటయింది. ప్రాణభయం కలిగితే యంత్రాంగం ఎంత చురుకుగా కదులుతుందో సూరత్ దేశానికి చూపింది. కాని పసిబిడ్డ బరువు పెరగకపోవడం అంత చప్పుడు చేయదు. దానికై ఎవరూ రైలెక్కి పారిపోరు.

1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో 129 మంది ఏడాది నిండకముందే కన్నుమూసేవారు. 2023 నాటికి ఆ సంఖ్య 25కు తగ్గింది. ఇది చిన్న విజయం కాదు. అయితే ఇంకా మరణిస్తున్నవారిలో ఎక్కువమంది పుట్టిన నెల రోజులలోపే మరణిస్తున్నారు. అనగా బిడ్డ ఇంటిలో, తల్లి ప్రక్కన పడుకొని ఉన్న సమయంలో. ఆ కాలంలో గడప దాటి లోపలికి వెళ్లి తల్లితో మాట్లాడగల మనిషి కావాలి.

టీకా వేయడానికి రెండు నిమిషాలు చాలును. శిశు పరీక్ష అన్నది అంతటితో ముగిసేది కాదు. బిడ్డను తూచాలి, ఆ తూకాన్ని కార్డుమీద గీతగా గీసి, గీత పైకి పోతున్నదా, చదునుగా నిలిచిందా, క్రిందికి వంగిందా తల్లికి చూపాలి. పాలు సరిగా పడుతున్నవా అడగాలి. ఆరు నెలలు నిండిన తరువాత మెత్తని అన్నం, పప్పు ఎప్పుడు, ఎంత పెట్టాలో చెప్పాలి. రెండు నెలలలోపు బిడ్డ నిమిషానికి అరవైసార్లు గానీ అంతకు మించి గానీ ఊపిరి తీసినా, పాలు మానినా, ఒళ్లు చల్లబడినా తెల్లవారేదాకా ఆగరాదని నేర్పాలి. విరేచనాలైతే ఓ.ఆర్.ఎస్. నీటితోపాటు పదునాలుగు రోజులు జింకు ఎందుకు ఇవ్వాలో, విరేచనం కట్టుకున్నా జింకు ఎందుకు మానరాదో విడమరచి చెప్పాలి. రద్దీగా ఉన్న ఆరోగ్య కేంద్రంలో వైద్యునికి ఇందుకు తీరిక ఎక్కడిది? నర్సుకు మాత్రం ఎక్కడిది? తల్లి ఒడియాలోనో తెలుగులోనో తడబడుతూ అడుగుతుంది. అవతల గుజరాతీలో సమాధానం వస్తుంది. ఇద్దరూ తల ఊపుతారు. పరీక్ష అయిపోతుంది.

మన తెలుగు కుటుంబాలకు దీనిపైన మరొక చిక్కు ఉన్నది. తొలి కాన్పు పుట్టింట జరగడం మన ఆచారం. మంచి ఆచారమే, దానిని తప్పు పట్టను. ఏడో నెలలో వెళ్లిన కోడలు, బిడ్డకు మూడో నెలలోనో ఐదో నెలలోనో తిరిగి వస్తుంది. వరంగల్‌లో ఎక్కి సూరత్‌లో దిగే బాలింతలను నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో పనిచేసే మన టికెట్ తనిఖీ సోదరులు చూస్తూనే ఉంటారు. బిడ్డ పుట్టగానే బి.సి.జి., పోలియో చుక్కలు, హెపటైటిస్-బి టీకా ఇస్తారు. ఆ తరువాత 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్ మొదలైనవి. మూడో నెల నిండగానే బయలుదేరితే 14వ వారం సరిగ్గా మూటాముల్లె సర్దుకొనే వారమవుతుంది. అక్కడి ఆశా కార్యకర్త తన పుస్తకంలో ‘ఊరు విడిచి వెళ్లినారు’ అని వ్రాసుకొంటుంది. ఇక్కడి కార్యకర్త పుస్తకంలో ఆ బిడ్డ పేరే ఉండదు. రెండు రాష్ట్రాల లెక్కలూ సరిగానే ఉంటాయి. బిడ్డకు మాత్రం మోతాదు తప్పిపోతుంది. తెలుగులో ఉన్న కార్డును ఇక్కడి నర్సు చదవలేదు. ఇక్కడ గుజరాతీలో ఇచ్చే మమతా కార్డును తల్లి చదవలేదు. 2023లో ప్రయోగాత్మకంగా మొదలై పిదప దేశమంతటికీ విస్తరించిన యూ-విన్ నమోదులో ఒక ఊరి టీకా మరొక ఊరిలో కనబడే ఏర్పాటు ఉన్నది. మేలైన సాధనమే. కాని పాత సిమ్ కార్డు పారవేసి కొత్తది వేసుకొన్న ఇంటికి ఆ కబురు ఎట్లా చేరుతుంది? యంత్రం వెనుక మనిషి ఉండక తప్పదు.

ఆ మనిషినే నేను ఆరోగ్య బోధకురాలు అంటున్నాను. ఇది నా ఊహ కాదు. నవజీవన్ బల్హార్షా దాటే చోటికి తూర్పున గడ్చిరోలి జిల్లా ఉన్నది, మన తెలంగాణకు సరిహద్దు. అక్కడ డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతుల ‘సెర్చ్’ సంస్థ 1990లలో 39 గ్రామాలలో ఒక ప్రయత్నం చేసింది. అయిదు నుండి పది తరగతులు మాత్రమే చదివిన గ్రామ స్త్రీలకు శిక్షణ ఇచ్చి, పురిటి ఇండ్లకు పంపింది. బిడ్డను తూచడం, వెచ్చగా ఉంచడం, తల్లికి బోధించడం, ప్రమాద చిహ్నాలను గుర్తించి చికిత్స ప్రారంభించడం వారి పని. మూడో ఏటికి, ఆ ఏర్పాటు లేని గ్రామాలతో పోల్చినప్పుడు, నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గినట్లు 1999లో లాన్సెట్ పత్రిక ప్రకటించింది. పది తరగతులు దాటని స్త్రీలు చేసిన పని ఇది!

సంపన్న దేశాలలోనూ పేదల బిడ్డల గతి ఇంచుమించు ఇదే. అమెరికాలోని లాస్ ఏంజలెస్ నగరంలో డాక్టర్ టుమైని కోకర్ బృందం 251 కుటుంబాలతో జరిపిన పరిశీలన 2016లో ప్రచురితమైనది. శిశు పరీక్షలలో తల్లిదండ్రులతో తీరికగా మాట్లాడే బాధ్యతను ఒక ఆరోగ్య బోధకురాలికి అప్పగించి, వైద్యుడు క్లుప్తంగా బిడ్డను చూచే పద్ధతి అది. ఆ కుటుంబాలలో ఏడాదిలో రెండు లేక అంతకు మించి అత్యవసర విభాగానికి పరుగెత్తినవారు 10 శాతం. పాత పద్ధతిలో ఉన్నవారిలో 21 శాతం. తల్లికి ముందుగానే తెలిసినందువల్ల అర్ధరాత్రి పరుగులు తగ్గినవి.

మన ప్రభుత్వం కూడా ఈ సంగతి ఎరిగినదే. 2011 నుండి ఆశా కార్యకర్త బాలింత ఇంటికి 3, 7, 14, 21, 28, 42వ రోజులలో వెళ్లాలి. ఇంటివద్దనే కాన్పయితే మొదటి రోజున కూడా. 2018లో మరొక పథకం చేర్చి 3, 6, 9, 12, 15 నెలలలో కూడా వెళ్లమన్నారు. కాగితం మీద ఇంతకంటె చక్కని ఏర్పాటు కోరనక్కరలేదు. అయితే ఆ తొలి ఆరు దర్శనాలకు కలిపి ఆమెకు నిర్ణయించిన ప్రోత్సాహకం 250 రూపాయలు. అన్నీ పూర్తిచేసి, పత్రాలు నింపి, పై అధికారిణి సంతకం అయిన తరువాత! జీతమని దానిని పిలవరు. ఆమె కార్మికురాలు కాదట, స్వచ్ఛంద సేవకురాలట.

తపాలా సోదరులారా, ఈ భాష మీకు కొత్త కాదు. గ్రామీణ డాక్ సేవకులను ఎన్నో ఏండ్లు ‘అదనపు శాఖా ఏజెంట్లు’ అని పిలిచి, వారు ఉద్యోగులే కారని వాదించిన చరిత్ర మనకు ఉన్నది. 1977లో రాజమ్మ కేసులో వారివి సివిల్ పదవులేనని సుప్రీంకోర్టు తేల్చిచెప్పిన తరువాత కూడా, సమాన హోదాకై వారి పోరాటం ముగియలేదు. 2013లో 45వ భారత కార్మిక మహాసభ ఆశా, అంగన్‌వాడీ, మధ్యాహ్న భోజన కార్యకర్తలను కార్మికులుగా గుర్తించి కనీస వేతనం, సామాజిక భద్రత కల్పించాలని సిఫారసు చేసింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశా కార్యకర్తలకు గౌరవ పురస్కారం ఇచ్చింది. పురస్కారం జెనీవా నుండి వచ్చింది. సిఫారసు ఢిల్లీలోనే ఉండిపోయింది.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఆరోగ్య బోధకురాలు వైద్యునికి బదులు కాదు. చౌకగా దొరికే స్త్రీ శ్రమను చూపి పట్టణ ఆరోగ్య కేంద్రాలలో వైద్యుల, నర్సుల ఖాళీలను నింపకుండా ఉంచే ఆలోచన ఎవరికైనా ఉన్నట్లయితే దానిని మనం ఎదిరించాలి. యాభై వేల జనాభాకు ఒక పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అన్నది 2013లో ప్రారంభమైన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ పెట్టుకొన్న కొలత. ఆ కొలత నిండాలి. అందులో బోధకురాలూ ఉండాలి.

ఇక మనవంతు. మనలో పర్మనెంటు ఉద్యోగుల బిడ్డలకు రైల్వే ఆసుపత్రి ఉన్నది. మన ప్రక్కనే ప్లాట్‌ఫారం ఊడ్చే కాంట్రాక్టు కార్మికుని బిడ్డకు ఆ తలుపు తెరుచుకోదు. వారి పేట, మరమగ్గం కార్మికుల పేట ఒకటే. కావున ఈ దక్షిణ సూరత్ పేటలలో తెలుగు, ఒడియా, మరాఠీ తెలిసిన స్త్రీలనే ఆరోగ్య బోధకులుగా నియమించాలని, వారికి నెల జీతం ఇవ్వాలని, సాయంత్రపు పాళీ తరువాత కూడా శిశు పరీక్షా కేంద్రం తెరచి ఉంచాలని నగరపాలక సంస్థను అడుగుదాము. మన కుటుంబాలలో చదువుకున్న ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. వారి పేర్లు మనమే ఇవ్వగలము.

తపాలా సోదరులు చేయగలిగినది ఇంకొకటి ఉన్నది. ప్రధానమంత్రి మాతృవందన పథకం క్రింద తొలి కాన్పుకు అర్హులైన తల్లికి వచ్చే 5,000 రూపాయలలో రెండవ విడత 2,000. బిడ్డ పుట్టుక నమోదై, తొలి విడత టీకాలు పూర్తయినప్పుడే అవి ఆమె ఖాతాలో పడతాయి. ఆ ఖాతా మీ పోస్టాఫీసులోనే ఉండవచ్చును. డబ్బు పడలేదని తల్లి మీ కిటికీ వద్దకు వచ్చినప్పుడు, ‘పడలేదు’ అని పంపివేయకండి. 14వ వారపు టీకా పడినదా అని ఒక్కమాట అడగండి. చాలాచోట్ల ఆ ప్రశ్న అడిగేవారు మీరొక్కరే కావచ్చును.

కోడలినీ మనుమరాలినీ తీసుకురావడానికి వచ్చే నెలలో వరంగల్ వెళ్తున్నవారు ఈ సభలోనే ముగ్గురు ఉన్నారని అధ్యక్షులవారు చెప్పారు. బయలుదేరే ముందు అక్కడి ఆశా కార్యకర్తను కలిసి, పడిన టీకాల తేదీలు కార్డు మీద అంకెలలో వ్రాయించుకొనండి. అంకెలైతే ఇక్కడి నర్సు చదవగలదు. ఆ కార్డును పెట్టె అడుగున సర్దకండి, టికెట్టుతోపాటు చేతి సంచిలో ఉంచుకొనండి.