పసిబిడ్డల చేతికి పిండిముద్ద
(చేబ్రోలు ప్రాంతపు పంచాయతి సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



రోడ్లు, మురుగు కాల్వలు, మంచినీరు, వీధిదీపములు మన సమావేశములలో నిత్యము చర్చకు వచ్చు విషయములు. నేడు మేము పిల్లలు ఆడుకొను పిండిముద్దను గూర్చి మాటలాడుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతులకు అప్పగింపదగిన 29 విషయములలో స్త్రీ శిశు అభివృద్ధిని గూడ చేర్చినది. కావున అంగన్‌వాడిలో పసిబిడ్డ పగలెల్ల ఏమి చేయుచున్నదో విచారించుట మన పనియే.

మూడేండ్లు నిండగనే పలక నిచ్చి అక్షరములు దిద్దింపవలెనని తల్లిదండ్రులు తొందరపడుదురు. ఆ వయసున బలపమును నిలిపి పట్టుకొను శక్తి వ్రేళ్లకు ఇంకను కుదురదు. బలవంతముగా దిద్దించినచో చేయి నొచ్చును, చదువన్న విసుగు పుట్టును. పిండిని పిసుకుట, ఉండ చేయుట, త్రాడువలె పేనుట, చిటికెతో గిల్లుట ఆ వ్రేళ్లకు సాము వంటివి. జర్మనీ దేశస్థుడు ఫ్రోబెల్ 19వ శతాబ్దిలో ఏర్పరచిన శిశువిద్యా పద్ధతిలో మట్టితో బొమ్మలు చేయుట ఒక భాగము. 1939లో మద్రాసు అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చిన మాంటిస్సోరి, చేతిపనివలన బుద్ధి వికసించునని బోధించెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము కూడ 3 నుండి 8 ఏండ్ల బిడ్డలకు ఆటపాటలతోడి చదువునే చెప్పుచున్నది.

చేతివ్రేళ్ల విలువ మన ఊరికి క్రొత్త కాదు. 1213 నాటి చేబ్రోలు శాసనమును వేయించిన జాయప సేనాని, హస్తముల విన్యాసమును వివరించు ‘నృత్తరత్నావళి’ని రచించెను. కొండపల్లి బొమ్మల పనివారు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ‘మక్కు’తో బొమ్మలను తీర్చుట మనమెరిగినదే.

ఇక తయారు చేయు విధము. మైదాపిండి రెండు గ్లాసులు, ఉప్పు ఒక గ్లాసు, నీరు రెండు గ్లాసులు, నూనె రెండు చెంచాలు, నిమ్మరసము రెండు చెంచాలు తీసికొనవలెను. అన్నియు ఉండలు కట్టకుండ కలిపి, సన్నని సెగపై కలియబెట్టుచుండ వలెను. ముద్ద గిన్నె అంచు వదలిన వెంటనే దింపి, గోరువెచ్చనైన పిమ్మట బాగుగా పిసుకవలెను. గోధుమలోని జిగురు ముద్దకు సాగుడు గుణము నిచ్చును. బియ్యపు పిండిలో ఆ జిగురు లేదు గనుక బొమ్మ పొడిపొడిగా విరిగిపోవును. ఉప్పు త్వరగా చెడకుండ కాపాడును. నూనె చేతికి అంటనీయదు. మూతగల డబ్బాలో నుంచిన కొన్ని వారములు నిలుచును. వానకాలమున ఉప్పు చెమ్మను పీల్చి ముద్ద జిగటయైనచో కొంచెము పిండి చేర్చిన చాలును. బూజు పట్టినను, వాసన వచ్చినను పారవేయవలెను.

రంగునకు పసుపు, బీటుదుంప రసము, పాలకూర రసము చాలును. ప్రక్కనే దుగ్గిరాల పసుపు యార్డు ఉండగా కొమ్ములు తెచ్చి ఇంట దంచుకొనుట మేలు. విడిపొడులలో సీసము గల రంగు కలుపు కల్తీ కలదు. హోలీ రంగులు ముట్టరాదు.

అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక ఒకటి. పెద్దలకు సైతము దినమునకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. నిమ్మకాయంత పిండిముద్దలో అంతకు మించిన ఉప్పుండును. కావున రెండేండ్ల లోపు బిడ్డలకు దీని నీయరాదు. తక్కిన వారి నొంటిగా వదలరాదు. మ్రింగిన బిడ్డకు వాంతులు, మిక్కిలి దాహము కలిగినచో వెంటనే వైద్యునికడకు తీసికొని పోవలెను. గోధుమ పడని బిడ్డలకును, చేతిపై పుండ్లున్న వారికిని మరియొక ఆట చూపవలెను.

తినుబండమును ఆటకు వాడవచ్చునా యని మీరడుగుట న్యాయమే. అంగన్‌వాడికి ఆహారముగా వచ్చిన సరుకును ఎన్నడును దీనికి వాడరాదు. పావుకిలో మైదా, పావుకిలో ఉప్పుతో సుమారు కిలో ముద్ద అగును. పదిమంది బిడ్డలు పలుదినములు ఆడుకొందురు. అదియు భారమైనచో కుమ్మరి వద్ద దొరకు, రాళ్లు ఏరిన మెత్తని మట్టి పిండికి తీసిపోదు.

ఆడించునపుడు ఇట్టి బొమ్మయే చేయుమని నిర్బంధింపరాదు. బిడ్డ చేసినది పామో, గారెయో బిడ్డనే చెప్పనీయవలెను. ఉండలు లెక్కించుట నేర్పిన, లెక్కలు ఆటలోనే వచ్చును.

శుభ్రపరచుటలో మెలకువ కావలెను. పీటపైగాని పళ్లెములోగాని ఆడించుట మంచిది. చాప సందులలో పిండి ఇరుకును. అంటిన పిండిని ఆరనిచ్చి గీకి, చన్నీటితో తుడువవలెను. వేడినీరు దానిని మరింత అంటించును. ఆటకు ముందును పిమ్మటను బిడ్డలచే సబ్బుతో చేతులు కడిగింపవలెను. మిగిలిన ముద్దను కాల్వలో వేసిన కాల్వ పూడును. మొక్కల మొదట వేసిన ఉప్పు చెరుపు చేయును. కోళ్లకు, కుక్కలకు, పశువులకు పెట్టిన ప్రాణాపాయము కలుగవచ్చును. కాగితములో చుట్టి చెత్తబండికే ఈయవలెను.

సభ్యులారా! ఇందులకు గొప్ప వ్యయము లేదు. ఒక మూతడబ్బా, కొన్ని పీటలు, సబ్బు, చేతులు కడుగుకొనుటకు నీరు సమకూర్చుట పంచాయతికి భారము కాదు. తరువాతి సమావేశమునకు ముందే ఒక్కమారు మీ అంగన్‌వాడికి వెళ్లి, పిల్లల చేతులలో ఏమున్నదో, ఆ చేతులు కడుగుకొనుటకు నీరున్నదో చూచి రావలెనని మేము కోరుచున్నాము.