గెలిచినా చేతికి రాని డబ్బు



పోయిన శుక్రవారం ఫర్వానియాలో ఒక మిత్రుడి ఇంట్లో భోజనాలయ్యాక మాటలు ఉద్యోగాల మీదికి మళ్ళాయి. ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న ఒక అక్కయ్య అడిగారు: "మనకి అన్యాయం జరిగిందని కోర్టు ఒప్పుకుంటే నష్టపరిహారం కూడా ఇప్పిస్తుందా తమ్ముడూ?" నేను లాయర్ని కాను, కంప్యూటర్ల వాణ్ణి. అయినా ఆ ప్రశ్న మా ఇంట్లో చాలా ఏళ్ళు నలిగింది.

మా నాన్నగారు మన రాష్ట్రంలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. సీనియారిటీ లిస్టులో ఆయన పేరు కిందికి జారింది. కేసు వేశారు. తొమ్మిదేళ్ళకి ఆర్డరు వచ్చింది, తప్పు ఆఫీసుదేనని. ప్రమోషన్ పాత తేదీ నుంచే ఇచ్చారు, కాకపోతే "నోషనల్"గా. అంటే కాగితం మీద తొమ్మిదేళ్ళూ సూపరింటెండెంటే, జీతం మాత్రం గుమాస్తాది. ఎరియర్స్ లేవు, పడ్డ క్షోభకి పైసా లేదు. పైకోర్టుకి వెళ్తే అప్పీలు కొట్టేశారు. ఆర్డరు వచ్చిన రోజు స్వీట్లు పంచాలో వద్దో మా అమ్మకి అర్థం కాలేదు.

ఇది మా నాన్నగారి దురదృష్టమే అనుకునేవాణ్ణి. తరవాత పాత తీర్పులు తిరగేస్తే, దీని వెనక పెద్ద చరిత్రే కనబడింది.

మద్రాసు ఎగ్మూరులోని గవర్నమెంటు ప్రెస్సులో ఆర్. వెంకటరావు అనే ఆయన రీడరు. అంటే ప్రూఫులు చూసే ఉద్యోగం. పేరు చూస్తే మనవాడే అనిపిస్తుంది. ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. తీసేసే ముందు జరపాల్సిన విచారణ నిబంధనల ప్రకారం జరగలేదు. ఆయన నష్టపరిహారం కోసం దావా వేసి లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళారు. ఆ తీర్పు 1937 లా రిపోర్టుల్లో ఉంది. ప్రీవీ కౌన్సిల్ ఏమందంటే, నిబంధనలు పాటించని మాట నిజమే, కానీ ప్రభుత్వోద్యోగి చక్రవర్తి ఇష్టం ఉన్నంతకాలమే ఉద్యోగంలో ఉంటాడు, నిబంధన తప్పారని కోర్టులో డబ్బు అడిగే హక్కు లేదు. గోడు చెప్పుకోవాలంటే పై అధికారులకే చెప్పుకోవాలి. అంటే కొట్టినవాడి దగ్గరికే వెళ్ళి ఫిర్యాదు చేయమన్నట్టు!

తమాషా ఏమిటంటే, అదే సమయంలో రంగాచారి అనే పోలీసు సబ్ ఇన్‌స్పెక్టరు కేసులో వేరే తీర్పొచ్చింది. ఆయన్ని నియమించిన అధికారి కన్నా కింది అధికారి తొలగించాడు. అలా తొలగించకూడదని సాక్షాత్తూ చట్టంలోనే ఉంది కాబట్టి ఆ తొలగింపు చెల్లదన్నారు. చట్టంలో ఉంటే ఒకలా, చట్టం కింద రాసుకున్న రూల్సులో ఉంటే ఇంకొకలా. ఉద్యోగం పోయినవాడికి ఈ తేడా ఏం ఓదార్పు చెప్పండి!

స్వతంత్రం వచ్చాక రాజ్యాంగంలో 311వ అధికరణం పెట్టి, తీసేసే ముందు ఉద్యోగి మాట వినాలన్నారు. పక్కనే 310లో ఆ పాత "ఇష్టం ఉన్నంతకాలం" సూత్రం కూడా ఉండిపోయింది. 1954లో బీహార్ రాష్ట్రం, అబ్దుల్ మజీద్ కేసులో సుప్రీంకోర్టు, రావలసిన జీతం కోసం ప్రభుత్వం మీద దావా వేయవచ్చని చెప్పింది. గట్టి ముందడుగే. కానీ అది జీతం సంగతి. రాని ప్రమోషన్ తాలూకు డబ్బు, పడ్డ నష్టం మాటేమిటి?

1989లో పాలూరు రామకృష్ణయ్య కేసు వచ్చింది. ఆయనా, మరికొందరు ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ సూపర్‌వైజర్లూ ఛార్జ్‌మన్ ప్రమోషన్ కోసం సుప్రీంకోర్టుకెక్కారు. పిటిషన్లు కొట్టేశారు. పాత తేదీ నుంచి ప్రమోషన్ వచ్చినవాళ్ళ విషయంలో కూడా, పని చేయని కాలానికి జీతం లేదన్నారు. మా నాన్నగారి ఆర్డరుకి తాతగారు ఇదే అనుకుంటాను. 1991లో జానకిరామన్ కేసులో సుప్రీంకోర్టు కొంత మెత్తబడింది. ఉద్యోగి తప్పేమీ లేకుండా, పని చేస్తానంటున్నా అధికారులే దూరం పెడితే ఆ "పని లేదు, జీతం లేదు" సూత్రం మామూలుగా వర్తించదంది. కానీ ఏ కేసుకి ఏది వర్తిస్తుందో ఆ కేసులో వాదించి నెగ్గాల్సిందే. మా నాన్నగారి లాయరు ఈ తీర్పు చూపించారో లేదో ఇప్పుడు అడిగి లాభం లేదు, ఆయన కూడా లేరు.

ఇక అక్కయ్య ప్రశ్న. కువైట్‌లో ప్రభుత్వోద్యోగుల తగాదాలు వినడానికి 1981లో 20వ నంబరు చట్టంతో కోర్టులో ప్రత్యేకంగా ఒక అడ్మినిస్ట్రేటివ్ విభాగం పెట్టారు. నిర్ణయాన్ని రద్దు చేయమనీ అడగవచ్చు, నష్టపరిహారమూ అడగవచ్చు. ఆ మాటకొస్తే వెంకటరావు గారికి దొరకని దారి ఇక్కడ చట్టంలోనే ఉంది. కానీ తప్పు జరిగిందని, నష్టం కలిగిందని, ఆ నష్టం ఆ తప్పు వల్లే కలిగిందని, మూడూ చూపించాలి. మొదటి దాని దగ్గరే గెలిచి మూడోదాని దగ్గర ఓడిపోవచ్చు. రద్దు కోసమైతే గడువు అరవై రోజులే. కొన్ని నిర్ణయాల మీద ముందుగా ఆఫీసులోనే ఫిర్యాదు పెట్టుకోవాలి. రెసిడెన్సీ, దేశం నుంచి పంపించెయ్యడం లాంటి విషయాలు ఆ చట్టంలో ఆ విభాగం పరిధిలోకి రానివ్వలేదు. ప్రైవేటు కంపెనీల్లో ఉన్న మనవాళ్ళకి ఇదంతా వేరే, వాళ్ళకి 2010 నాటి 6వ నంబరు కార్మిక చట్టం ఉంది.

అందుకే అక్కయ్యతో, "కాగితం మీకు ఏ తేదీన అందిందో ముందు అది రాసి పెట్టుకోండి, రేపే అరబిక్ తెలిసిన లాయర్ని చూడండి" అన్నాను. ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి మడతపెట్టిన కాగితం తీశారు. అందరం కలిసి తేదీ లెక్కపెట్టాం. పదకొండు రోజులు మిగిలాయి.