పాత కార్లు – ఫిట్టరు చేతిపని



బిల్హా స్టేషను మీదుగా రేయింబవళ్లు పోవు బండ్లను నడపువారు, మరమ్మతు చేయువారు, వారి కుటుంబములవారు కూడిన సభలో రాజులెక్కిన కార్లను గూర్చి ప్రసంగించుట కొంత వింతగా తోచవచ్చును. కాని పాత కారునకు మరల ప్రాణము పోయునది రాజు కాదు, ఫిట్టరు. ఆ పనిలోని కష్టసుఖములు రైల్వే కాలనీలలో పెరిగినవారికి వివరింపనక్కరలేదు.

హైదరాబాదున చౌమహల్లా ప్యాలెస్ చూచినవారు అందలి పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ కారును మరచియుండరు. అది 1912 నాటి ‘సిల్వర్ ఘోస్ట్’. దానిని చేయింపబూనినవాడు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్. బండి చేతికందకమునుపే, 1911 ఆగస్టులో, ఆయన కన్నుమూసెను. కారు కుమారుడైన ఉస్మాన్ అలీఖాన్‌కు దక్కెను. ఆ దినములలో కంపెనీవారు ఇంజనుతో కూడిన చట్రమును మాత్రమే యిచ్చెడివారు. పై కట్టడము వేరొకరి పని. దీనికి ఆ పని చేసినవారు గుఱ్ఱపుబండ్ల కాలమునుండియు పేరుపడిన లండను నగరపు బార్కర్ కంపెనీవారు. పసుపు ఆసఫ్‌జాహీల పతాకవర్ణము. వెనుక భాగమున నున్నది సీటనుటకు వీలులేదు, సింహాసనమే.

ఇంత ఠీవిగల బండి నడచినదెంత? నూరేండ్లలో నాలుగువందల మైళ్లయినను నిండలేదని చెప్పుదురు. బిలాస్‌పూరునుండి నాగపూరు పోయి మరలివచ్చిన గూడ్సు గార్డు – 2022 నుండి ఆయన పేరు ట్రైను మేనేజరు – అంతకంటె ఎక్కువ దూరము పోవును.

ఈ జాతి కారే మరియొకటి కలదు. వెండివన్నె పూసిన ఆ బండివలననే ‘సిల్వర్ ఘోస్ట్’ అను పేరు వచ్చినది. 1907లో దానిని లండను, గ్లాస్గో నగరముల నడుమ 27 మారులు త్రిప్పి పరీక్షించిరి. ఆ పరీక్షలో అది 14,371 మైళ్లు ఎడతెగక నడచెను. తరువాత నొక యజమాని చేతిలో నలుబది యేండ్లు సేవచేసి, ఐదు లక్షల మైళ్లకు మించి తిరిగెను. అక్కాచెల్లెండ్రలో నొకరు అంతఃపురమునకు, వేరొకరు అత్తవారింటి చాకిరికి పోయినట్లున్నది. అయినను యంత్రమునకు చాకిరియే ఆరోగ్యము. నిలిచిపోయిన ఇంజనులో పెట్రోలు జిగురై కార్బ్యురేటరు రంధ్రములను మూయును. నీటి అరలలో త్రుప్పు పేరుకొనును. రేకు క్రింది కొయ్య చట్రమును చెదలు తినును. పైకి చూడ రంగు మాత్రము నిగనిగలాడుచుండును.

ఇట్టిదానిని మరల నడిపించుటలో మొదటి కష్టము విడిభాగములు. క్రాంకు షాఫ్టునే తీసికొనుడు. సిల్వర్ ఘోస్ట్‌లో అది ఏడు బేరింగులపై తిరుగును. వాని లోతట్టున పోసియుండునది తెల్లలోహము. రోలరు బేరింగులు రాకమునుపు వ్యాగను ఆక్సిల్ బాక్సులలో వాడినదియు ఈ జాతి లోహమే. చమురు చాలక అది వేడెక్కినప్పుడు ‘హాట్ ఆక్సిల్’ అని వ్యాగనును త్రోవలోనే కోసివేసిన కథలు ఇచ్చటి పెద్దలు చెప్పగలరు. నూరేండ్ల కారునకు బజారులో బేరింగు దొరకదు. లోహమును కరగించి పోయవలెను, తొలువవలెను. షాఫ్టుకు నీలిరంగు పూసి త్రిప్పి, అంటినచోటనెల్ల స్క్రేపరుతో పొరపొరగా గీకవలెను. ఇది పుస్తకము చూచి వచ్చు విద్య కాదు. ఒక ముసలి ఫిట్టరు ప్రక్కన నిలిచి నేర్చిన కుర్రవానికి మాత్రమే పట్టుబడును. పాత కార్లకంటె అరుదైపోవుచున్నవారు ఈ ఫిట్టర్లే.

రెండవది, కష్టముకంటె ప్రలోభమనుట తగును. డబ్బున్న యజమాని తన కారు అద్దమువలె మెరయవలెనని కోరును. క్రోమియము పూత కార్లపైకి వచ్చినది 1920ల చివర. 1912 నాటి దీపములకు నికెలే తగును. నికెలు కాంతిలో కొంచెము పసిమి కలదు, క్రోమియములో నీలిచాయ కలదు. ఎరిగినవాడు దూరమునుండియే కనిపెట్టును. ఆనాటి రంగు కుంచెతో పూతమీద పూతగా వేసి, ఆరనిచ్చి, రాచి, మరల వేసినది. దానిని గీకివేసి నేటి స్ప్రేరంగు కొట్టించిన కారు అందముగనే యుండును. కాని ఆ పూత వేసిన కార్మికుని చేయి మరి కానరాదు. ఉత్తమమైన పద్ధతి, చెడినంతమేర బాగుచేసి, చెడనిదానిని ముట్టకుండుట. తీసిన ప్రతి భాగమునకు చీటీ కట్టి దాచుట.

ఈ వ్యసనము రాజులకే చెల్లునని తలపవలదు. ‘స్టేట్స్‌మన్’ పత్రికవారి పాతకార్ల ర్యాలీ ఢిల్లీలో 1964లో, కలకత్తాలో 1968లో ప్రారంభమైనది. అచ్చట రాజుగారి కారు ప్రక్కన గుమాస్తా తండ్రి కొన్న చిన్న ఆస్టిన్ నిలిచినను ఎవరును వింతపడరు. కేంద్ర ప్రభుత్వము 2021 జులైలో చేసిన నిబంధనలలో వింటేజి వాహనమనగా తొలి రిజిస్ట్రేషను నాటినుండి 50 ఏండ్లు దాటి, చట్రము, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పు పొందనిది. క్రొత్తగా నమోదుచేయుటకు రుసుము 20,000 రూపాయలు. అది పదేండ్లు చెల్లును. ప్రదర్శనకు, ర్యాలీకి, మరమ్మతునకు, పెట్రోలు పోయించుటకు తప్ప నిత్యము రోడ్డుపై త్రిప్పరాదు. ఈ లెక్కన 1970 నాటి అంబాసిడరును, లాంబ్రెటా స్కూటరును కూడ ఈ వర్గమున చేరును. అంబాసిడరు తయారీ 2014లో నిలిచిపోయినది. ఏ క్వార్టరు వెనుకనో రేకుల పాక క్రింద నున్న తాతగారి బండిని తూకమునకు అమ్మదలచినవారు, అమ్మకమునకు ముందు ఒక ఫిట్టరును పిలిచి చూపింతురుగాక.

రైల్వేవారికి ఇందులో వెనుకబడవలసిన పనిలేదు. 1855లో ఇంగ్లండులో నిర్మింపబడిన ‘ఫెయిరీ క్వీన్’ ఇంజను 1997లో మరల ఆవిరిపట్టి ఢిల్లీ, ఆల్వారుల నడుమ నడచెను. నాగపూరు మోతీబాగులోని నారోగేజి మ్యూజియము బిల్హానుండి ఒక రాత్రి ప్రయాణమైనను లేదు. పిల్లలను తీసికొనిపోయి చూపవచ్చును.

ఎప్పుడైన ర్యాలీకి పోయినచో కారు ముందు నిలిచి ఫొటో దిగినతోనే మరలిరావలదు. బానెట్టు ఎత్తి చూపుమని అడుగుడు. బాగుచేసిన మేస్త్రీ ఎవరని అడుగుడు. ఆయన సాధారణముగా ఆ దాపుననే, చేత గుడ్డపీలికతో నిలిచియుండును. సెల్ఫ్‌స్టార్టరు లేని కారైనచో ఆయనయే హ్యాండిలు త్రిప్పును. అప్పుడు ఆయన బొటనవ్రేలిని చూడుడు. అది హ్యాండిలును చుట్టి పట్టదు, మిగిలిన వ్రేళ్ల సరసనే యుండును. ఇంజను వెనుకకు తన్నెనా, చుట్టి పట్టినవాని వ్రేలు విరుగును.