ఎవరు రాసిన లెక్క ఇది?

(నరసరావుపేటలో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సినిమా గురించి మాట్లాడతానంటే మనవాళ్లు ముందు నవ్వారు. హక్కుల సభలో సినిమా ఏమిటన్నారు. నిజానికి నేను మాట్లాడబోయేది పెళ్లి గురించి. పెళ్లి గురించి మన పిల్లలు ఇంట్లో విన్నదెంతో, సినిమాల్లో చూసిందీ అంతే ఉంటుంది. అందుకే అక్కడి నుంచి మొదలుపెడతాను.

2016లో 'పెళ్ళి చూపులు' సినిమా వచ్చింది. తరుణ్ భాస్కర్ తీశారు. రీతూ వర్మ, విజయ్ దేవరకొండ నటించారు. జాతీయ ఉత్తమ తెలుగు చిత్రంగా బహుమతి కూడా వచ్చింది. పెళ్లిచూపుల్లో అబ్బాయీ అమ్మాయీ ఒక గదిలో మాట్లాడుకుంటుండగా తలుపు బిగుసుకుపోతుంది. బయట పెద్దవాళ్లు తంటాలు పడుతుంటే లోపల వీళ్లిద్దరూ తమ కథలు చెప్పుకుంటారు. తీరా తెలిసేదేమిటంటే, మగపెళ్లివారు వచ్చింది వేరే ఇంటికి! హాలంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఆలోచన పడింది. ఇల్లు మారిపోయినా అంతసేపు ఎవరికీ అనుమానం ఎందుకు రాలేదు? ఎవరింటికి వెళ్లినా తంతు ఒకటే కనుక. అమ్మాయి మారినా లెక్క మారదు కనుక.

ఆ సినిమాలో చిత్ర అనే అమ్మాయికి ఒక ఆలోచన ఉంది. ఆస్ట్రేలియా వెళ్లాలి, తన కాళ్ల మీద నిలబడాలి. తండ్రి ఆలోచన పెళ్లి. అబ్బాయికి వంట ఇష్టం, వాళ్ల నాన్నకి అది పనికిమాలిన పని. చివరికి వీళ్లిద్దరూ కలిసి తిండి అమ్మే బండి పెడతారు. ఇది చూసి కొందరు, బతుకుని మరీ లెక్కలేసుకుంటే ఇంతే, దాని దారిన దాన్ని పోనివ్వాలి అన్నారు. నేను ఒప్పుకోను. లెక్క వేసుకోవడం తప్పు కాదు. ఎవరి బతుకు లెక్క ఎవరు వేస్తున్నారన్నదే అసలు ప్రశ్న.

మాది గురజాల దగ్గర పల్లె. మా నాన్నకి ఎర్ర అట్ట పుస్తకం ఒకటి ఉండేది. పత్తి అమ్మిన డబ్బులు, మిరప టిక్కీల డబ్బులు అందులో రాసేవాడు. పదో తరగతిలో ఉండగా ఒకసారి తెరిచి చూశాను. నా పేరు మీద ఒక పేజీ ఉంది. ఎకరంన్నర పొలం, బంగారం, ఆడపడుచు లాంఛనాలు, పెళ్లి భోజనాలు. పక్క పేజీ తమ్ముడిది. అందులో కాలేజీ ఫీజు, హాస్టలు. చదువు అన్న మాట తమ్ముడి పేజీలోనే ఉంది. మా నాన్న చెడ్డవాడు కాదు. ఎన్నో రాత్రులు నిద్ర మానుకుని, ప్రేమతోనే ఆ పేజీ రాశాడు. కానీ అందులో నన్నడిగి రాసిన ముక్క ఒక్కటీ లేదు.

ఇంటర్ పాసయ్యాను. టీచరు ట్రైనింగుకి వెళ్తానన్నాను. ఆ వేసవిలోనే పెళ్లయింది. పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలం నాలుగేళ్లలో అమ్ముడుపోయింది. సంతకం నాదే, నిర్ణయం మాత్రం నాది కాదు. నాన్న పోయాక తమ్ముడు ఒక కాగితం తెచ్చాడు. "అక్కా, నీకివ్వాల్సింది పెళ్లిలోనే ఇచ్చేశాం గదా" అన్నాడు. చదవకుండా సంతకం పెట్టాను. అది హక్కు వదులుకునే దస్తావేజు.

అప్పుడు నాకు తెలియనివి ఇప్పుడు మీకు చెబుతున్నాను. తండ్రి వీలునామా రాయకుండా పోతే ఆయన ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా వస్తుందని 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే చెప్పింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతో హక్కు మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచే ఉంది. అయితే అప్పటికే పెళ్లయిన వాళ్లకి వర్తించలేదు. ఆ తేడా 2005 కేంద్ర చట్టంతో పోయింది. తండ్రి అప్పటికి బతికి ఉన్నా లేకపోయినా ఆ హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. కట్నం ఇవ్వడమూ తీసుకోవడమూ నేరమే. ఒకవేళ ఇచ్చినా, వేరేవాళ్లు తీసుకున్నది పెళ్లయిన 3 నెలల్లోగా పెళ్లికూతురికే అప్పగించాలని వరకట్న నిషేధ చట్టం 6వ సెక్షన్ చెబుతోంది. పెళ్లిలో పెట్టారు కాబట్టి వాటా లేదన్న మాట ఏ చట్టంలోనూ లేదు.

1994లో 'శుభలగ్నం' సినిమాలో డబ్బాశ పడిన భార్య మొగుణ్ణి కోటి రూపాయలకి అమ్మేస్తుంది. ఊరూరా ఆమెని తిట్టారు. ప్రతి ముహూర్తానికీ కొడుకుల్ని ధర కట్టి అమ్మేవాళ్లని మాత్రం వియ్యంకులని పిలిచి కాళ్లు కడుగుతాం. పలనాటి యుద్ధం మాటొస్తే నెపమంతా నాయకురాలు నాగమ్మ మీద వేస్తాం. గురజాలలో మంత్రిత్వం నడిపిన మనిషని తరవాతెప్పుడో చెబుతాం. మగవాడు ఆలోచిస్తే ముందుచూపు, ఆడది ఆలోచిస్తే కుట్ర.

ఇప్పుడు మా తమ్ముడి కూతురు బీటెక్ ఆఖరి సంవత్సరం. అమెరికా సంబంధం వచ్చింది. మొన్న ఫోన్ చేసి, "అత్తా, ఉద్యోగంలో చేరి ఏడాది చేసిందాకా ఆగమని నాన్నకి నువ్వు చెప్పవా?" అంది. వెళ్లి చెప్పాను. "నీ పెళ్లి నాన్న చూడలా? నీకేం తక్కువైందక్కా?" అన్నాడు. నోరు పెగల్లేదు. రాత్రంతా నిద్ర లేదు. తెల్లారి మళ్లీ వెళ్లి, ఆ ఎర్ర అట్ట పుస్తకం సంగతీ, నేను పెట్టిన సంతకం సంగతీ మొత్తం చెప్పాను. "కట్నానికి దాచింది పిల్ల పేరున వెయ్యి. పెళ్లెప్పుడో పిల్లనడుగు" అన్నాను. వాడికి కోపం వచ్చింది. నాతో మాట్లాడ్డం మానేశాడు. సంబంధం ఖాయం చేశాడో లేదో ఇంకా తెలియదు. ఆ పిల్ల మాత్రం రోజూ ఫోన్ చేస్తోంది.

మిమ్మల్ని అడిగేవి రెండే. చదవని కాగితం మీద సంతకం పెట్టకండి, తమ్ముడు తెచ్చినా సరే. ఇంటికెళ్లాక, మీ అమ్మాయి పేరు మీద ఏం రాసి పెట్టారో చూసి, ఆ పేజీ ఆ పిల్ల చేతికివ్వండి. సెలవు.