కళాశాల చదువు ఎవరి పద్దు?



ఈ వేదికమీద మాష్టారు అన్నచో చాలును, పేరు చెప్పనక్కర లేదు. కావలి, బిట్రగుంట, అల్లూరు ప్రాంతములలో తమ ఇంట అంతకుముందెవ్వరును ఎక్కని కాలేజీ మెట్లెక్కిన ఆయన శిష్యులు తలకొంత వేసికొని నెలకొల్పిన నిధి తరపున జరుగు ఉపన్యాసమిది. ఉపన్యాసవిషయమును నన్నే ఎంచుకొనుమన్నారు. మాష్టారు జీవితమంతయు లెక్కలు చెప్పినవారు గనుక నేనును ఒక లెక్కనే ఎంచుకొంటిని. కళాశాల చదువునకగు ఖర్చు ఏటేట పెరుగుచున్నది. దానిని ఎవరి పద్దున వ్రాయవలెను?

ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు మన తూర్పు తీరమున మరపడవలు వేటకు పోరాదు. చేప గ్రుడ్డు పెట్టు కాలమని ప్రభుత్వము విధించిన నిషేధమది, విధింపదగినదే. జువ్వలదిన్నె మొదలు తూపిలిపాళెము వరకు ఆ 61 దినములు పడవలు ఒడ్డుననే యుండును, ఇల్లు సావుకారు వద్ద తెచ్చిన అప్పుమీద నడచును. ఆ గడువు తీరి తొలి వేట సొమ్ము ఇల్లు చేరకమునుపే కాలేజీలలో చేరికల కాలము వచ్చి ముంగిట నిలుచును. అట్టి జూన్ మాసమున ఒక కళాశాల ఫీజు కౌంటరు వద్ద నేను చూచిన దృశ్యము ఇది. తండ్రి చదువురానివాడు, కూతురు ఇంటర్మీడియటులో మంచి మార్కులు తెచ్చుకొన్నది. గుమాస్తా ఇచ్చిన కాగితముపై ట్యూషను ఫీజు గడిలో ఏ అంకెయు లేదు. దాని క్రింద స్పెషల్ ఫీజు, బస్సు, హాస్టలు డిపాజిట్టు, మెస్ అడ్వాన్సు వరుసగా నున్నవి. కూతురు చదివి చెప్పుచుండగా తండ్రి ఆ చివరి గడివద్ద వ్రేలుంచి, "గవర్నమెంటు కడతాదన్నారు గదయ్యా?" అని అడిగెను. "ఫీజు కడతాది నాయనా. కూటికి ఇచ్చేది తర్వాత ఎప్పుడో వస్తాది. ముందు నువ్వు కట్టాల" అని గుమాస్తా మెల్లగానే సమాధానము చెప్పెను. ఆ అమ్మాయి కాగితమును నాలుగు మడతలు పెట్టి పుస్తకములో దాచుకొన్నది. వారు ఆనాడు కట్టకయే వెళ్లిపోయిరి.

కళాశాల ఖర్చును గురించి మన పత్రికలలోను శాసనసభలలోను జరుగు చర్చ అంతయు ట్యూషను ఫీజు చుట్టును తిరుగుచుండును. పేదయింటి బిడ్డను కాలేజీ గుమ్మము వద్ద ఆపునది తరచుగా అది కాదు; ఊరు విడిచి వచ్చినవానికి కావలసిన కూడును గూడును, బస్సు చార్జీయు, ఆ ఖర్చును జూన్ మాసముననే కట్టుమను నిర్బంధమును. ఎవరు చెల్లింపవలెనన్న ప్రశ్నలో ఎప్పుడు చెల్లింపవలెను, దేనికి చెల్లింపవలెనన్న ప్రశ్నలు కూడ కలసియున్నవి. వానిని విడదీసినచో ధర్మముగా కనిపించు వ్యవస్థయు అధర్మమే చేయును.

మన పూర్వులు దీనికి తమకు తోచిన సమాధానమును శిలపై చెక్కించిరి. 1261వ సంవత్సరపు మల్కాపురము శాసనము, కృష్ణాతీరమున గోళకీ మఠమునకు కాకతి గణపతిదేవుడును రుద్రమదేవియు దత్తము చేసిన గ్రామముల ఆదాయమును ఎట్లు వినియోగింపవలెనో విధించుచు, వేదములకును తర్కసాహిత్యములకును అధ్యాపకులను, విద్యార్థులకు అన్నమును, ఆరోగ్యశాలను, ప్రసూతిశాలను ఒక్క ధర్మములోనే చేర్చినది. గురువునకు భృతి, శిష్యునకు అన్నము: ఆ దాతల లెక్కలో విద్యాదానమనగా ఈ రెండును. తరువాతి కాలమున, మన తాతల నాటివరకు, పట్టణములలో వారములు చేసికొని చదివిన పిల్లలుండిరి. సోమవారమొక ఇంట, మంగళవారమొక ఇంట భుజించి పట్టభద్రులైన వారు ఎందరో కలరు. ఆ ఏర్పాటు అనేకుల నుద్ధరించిన మాట నిజము. ఆ పంక్తిలో పట్టపు జాలరి బిడ్డకు గాని యానాది బిడ్డకు గాని విస్తరి పడలేదన్న మాటయు అంతే నిజము. కావున పాతకాలమును తలచుకొని నిట్టూర్చుట నాకు సమ్మతము కాదు. అయినను ఆ పాతలెక్కలో ఒక న్యాయమున్నది, దానిని మనము జారవిడిచితిమి.

నెల్లూరి వెంకటగిరి రాజా కళాశాల 1875లో పాఠశాలగా పుట్టి 1920లో కళాశాల యైనది. పొణకా కనకమ్మగారు 1923లో కస్తూరిదేవీ విద్యాలయమును స్థాపింపగా దాని భవనమునకు 1929లో గాంధీమహాత్ములు శంకుస్థాపన చేసిరి. కావలిలో 1951లో దొడ్ల రామచంద్రారెడ్డిగారి పూనికతో జవహర్ భారతి వెలసినది. ఇట్టి సంస్థల కాలమున మన దేశమునందు వాడుకలో నున్నది గ్రాంటు పద్ధతి. 1854 నాటి వుడ్స్ డెస్పాచి నుండి వచ్చినది. దాత స్థలమును భవనమును ఇచ్చును. ప్రభుత్వము అధ్యాపకుని జీతమునకు గ్రాంటిచ్చును. విద్యార్థి స్వల్పముగా ఫీజు కట్టును. దాత కీర్తికాముడు కావచ్చును, ప్రభుత్వము పరాయిది కావచ్చును. ఎవరి భాగము ఎంతయో మాత్రము నిర్ణయమై యుండెను, ప్రభుత్వభాగము ఆలస్యమైనచో బాధ పంతులుకే గాని పిల్లవానికి లేకుండెను. మాష్టారు ఆ ఎయిడెడ్ జీతముమీద బ్రదికినవారే. జీతము మూడు నెలలు రాని కాలమునందును తరగతి ఒక్కటియు మానలేదని ఆయన శిష్యులు ఈనాటికిని చెప్పుకొందురు.

ఇంజనీరింగు, వైద్యము కోరువారి సంఖ్య సర్కారు కళాశాలల సీట్లను మించిపోగా మార్గము మారినది. మన తీరముననే, వాకాడు చేరువ విద్యానగరులో, 1979లో ప్రైవేటు ఇంజనీరింగు కళాశాల వెలసినది; అట్టి కళాశాలలలో అది తొలితరమునకు చెందినది. విరాళము పేర పెద్దమొత్తములు గుంజుటను నిషేధించుచు రాష్ట్రము 1983లో చట్టము చేసినది. వాకాడు వాస్తవ్యులైన నేదురుమల్లి జనార్దనరెడ్డిగారు ముఖ్యమంత్రిగా నుండి, ప్రైవేటు వైద్యకళాశాలల అనుమతులపై హైకోర్టు తీర్పు దరిమిలా 1992లో పదవి విడిచిరి. మరుసటి సంవత్సరము ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీముకోర్టు సగము సీట్లు ఉచితము, సగము చెల్లింపు అని విభజించినది. చెల్లింపు సీటువాని సొమ్ముతో ఉచితపు సీటువాడు చదువును. వినుటకు ఇంపైన ఏర్పాటే. కాని మార్కులతో గెలుచుకొను ఉచితపు సీటు ఎవరికి దక్కును? పట్నమున కోచింగు కొనగలిగినవానికి. పల్లెలో చదివి కొద్ది మార్కులతో వెనుకబడినవాడు చెల్లింపు సీటు కొని, తనకంటె కలవాని చదువునకు తానే చందా కట్టెను. 2002లో టీఎంఏ పై ఫౌండేషను కేసులో పదునొకండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఈ అన్యాయమును గుర్తించి ఆ పథకమును రద్దు చేసినది. ఒక విద్యార్థి ఖర్చును మరొక విద్యార్థిపై మోపుట తగదన్న ఆ మాటకు నేను చేయెత్తి నమస్కరింతును. అయితే ఆ భారమును ఎవరు మోయవలెనన్నది తేలలేదు.

2008లో వైయస్ రాజశేఖరరెడ్డిగారి ప్రభుత్వము ఫీజు రీయింబర్సుమెంటును తెచ్చినది. దానివలన కలిగిన మేలును తక్కువచేసి మాటలాడువాడు ఈ తీరగ్రామముల నెరుగనివాడు. కూలియింట ఇంజనీరు, జాలరియింట నర్సు ఆ పథకము చలువయే. ఆడబిడ్డ చదువును పదవతరగతితో ఆపు తండ్రికి అది ఒక సాకు లేకుండ చేసినది. ఇంత మేలు చేసిన పథకములోనే ఒక లోపమున్నది, నేను చెప్పవచ్చినది దానినే. ప్రభుత్వము అధ్యాపకుని జీతము నుండి చేయి తీసి విద్యార్థి ఫీజుమీద పెట్టినది. జీతమిచ్చినచో కళాశాల నిలుచును. ఫీజు ఇచ్చినచో ఆ యేటి బిల్లు తీరును, మరుసటియేడు మరల మొదటికి వచ్చును. సర్కారు బకాయిపడినచో యాజమాన్యము సర్కారును నిలదీయలేదు. చేతికందిన విద్యార్థి సర్టిఫికెట్లను ఆపును. అసలు సర్టిఫికెట్లను అట్టిపెట్టుకొనరాదని యూజీసీ 2018లో స్పష్టముగా చెప్పినను, బకాయి తీరనిదే టీసీ లేదను మాట ఎన్ని గుమ్మముల వద్ద నేటికిని వినబడుటలేదు! పథకము పేరు మారినది, కొంతకాలము సొమ్ము తల్లి ఖాతాకు పోయినది, తిరిగి కళాశాల ఖాతాకు మరలినది. 2020లో ప్రైవేటు కళాశాలల పీజీ విద్యార్థులను జీవో 77 తప్పించినది. ఎన్ని మారినను తాకట్టు వస్తువు మాత్రము విద్యార్థియే. ఈలోగా 2021లో ఎయిడెడ్ సంస్థలను ఎయిడు వదలుకొమ్మని, అధ్యాపకులను సర్కారుకు అప్పగింపుమని ప్రభుత్వము విధానము తెచ్చినది. అధ్యాపకుని జీతమునకు సర్కారు హామీ తొలగిన మరునాడు ఆ జీతము ఎవరి ఫీజునుండి రావలెనో వేరుగా చెప్పనక్కర లేదు.

ఫలము ననుభవించువాడే చెల్లింపవలెనని కొందరందురు. మంచిది, ఫలమెవరిదో లెక్క చూతము. ముత్తుకూరు మత్స్యకళాశాలలో చదివినవాడు చెరువునీటి ఉప్పదనము, ప్రాణవాయువు పరీక్షించి వెనామి రొయ్యకు తెగులు తగులకుండ కాపాడినపుడు వానికి దక్కునది నెలజీతము. పంట దక్కునది చెరువు యజమానికి, లాభము దక్కునది ఎగుమతిదారునకు, విదేశీద్రవ్యము దక్కునది దేశమునకు. శ్రీహరికోట నుండి లేచు ప్రతి రాకెట్టు వెనుక ప్రజాధనముతో చదివిన ఎందరో సాంకేతికులు కలరు. కృష్ణపట్నము రేవు, దాని చుట్టును వెలసిన విద్యుత్కేంద్రములు తమకు కావలసిన ఇంజనీర్లను తామే తీర్చిదిద్దుకొనలేదు. ఎవరో చదివింపగా వచ్చినవారిని తీసికొన్నవి. 2013 నాటి కంపెనీల చట్టము పెద్ద సంస్థల లాభములో నూటికి 2 వంతులు సామాజికకార్యములకు వెచ్చింపుమన్నది. తీరమున లాభమార్జించు సంస్థలు ఆ భాగముతో బస్సుషెల్టర్లకు రంగులు వేయుటకన్న విద్యార్థి వసతిగృహములు కట్టి నడుపుట న్యాయము.

ఇక చదువుకొన్నవాని భాగము. ఇంగ్లండులో 1998లో ఏటికి 1,000 పౌండ్లతో మొదలైన ఫీజు 2012 నాటికి 9,000కు ప్రాకినది. ఆస్ట్రేలియాలో 1989 నుండి, ఆదాయము ఒక మేరకు చేరిన పిమ్మట మాత్రమే పన్నుతోపాటు వసూలు చేయు పద్ధతి కలదు. నాకు ఆ రెండవదానియందలి న్యాయము నచ్చినది: సంపాదించిన పిమ్మట, సంపాదనకు తగినంత. మన బ్యాంకు అప్పులో ఆ దయ లేదు. చదువు ముగిసిన యేడాదికి, ఉద్యోగమున్నను లేకున్నను, వాయిదా మొదలగును. ఎకరము భూమి లేని ఇంట అది పగలు రాత్రి వెన్నాడు భయము. పదునెనిమిదేండ్ల బిడ్డచేత, చదువురాని తండ్రిచేత అట్టి పత్రముపై సంతకము పెట్టించుటను విద్యావిధానమనుటకు నాకు నోరు రాదు. టెక్సాసులోను న్యూజెర్సీలోను స్థిరపడిన మన పిల్లలు మాత్రము, ఏ ప్రజాధనము తమను ఓడయెక్కించినదో ఆ ఋణమును స్వయముగా తలచుకొనవలసియున్నది. వారివద్దకు మన పన్ను గుమాస్తా పోలేడు.

కొఠారీ కమిషను జాతీయాదాయమున నూటికి 6 వంతులు విద్యకు వెచ్చింపుమని 1966లోనే చెప్పినది. 2020 జాతీయ విద్యావిధానము అదే అంకెను మరల చెప్పినది. నా మాట ఇది: బోధనకగు ఖర్చు ప్రభుత్వము పద్దు, అది ఫీజు రూపమున గాక, ఖాళీలు నింపి జీతముల రూపమున, సర్కారు కళాశాలలకును నమ్మదగిన ఎయిడెడ్ సంస్థలకును నేరుగా చేరవలెను. కూడు గూడుల భారమును ప్రభుత్వముతోపాటు ఈ తీరపు సంపద ననుభవించు సంస్థలు పంచుకొనవలెను. తండ్రి చేయవలసినది బిడ్డను పంపుట. అదియే ఒక సంపాదనను వదలుకొనుట యని మరువరాదు.

ప్రభుత్వములు కదలుటకు కాలము పట్టును. ఈలోగా నిధి నిర్వాహకులకు ఒక విన్నపము. తీరగ్రామముల మత్స్యకార, యానాది విద్యార్థులకు జూన్ మాసపు మెస్ అడ్వాన్సును ఈ నిధినుండి నేరుగా హాస్టలుకే చెల్లించి, వేట సాగిన పిమ్మట సెప్టెంబరు మొదలు, కట్టగలిగినవారి వద్ద మాత్రము, వడ్డీలేకుండ కొద్దికొద్దిగా రాబట్టుకొనునట్లును, విద్యార్థి సర్టిఫికెటును గాని తండ్రి సంతకమును గాని హామీగా కోరకుండునట్లును ఒక తీర్మానమును ప్రతిపాదించుచున్నాను. అవసరమైనచో ఏటేట ఈ ఉపన్యాసమునకును దాని పుస్తకముద్రణకును అగు వ్యయమును కూడ ఆ అడ్వాన్సుల సొమ్ములో కలుపవచ్చును. అధ్యక్షులవారు సభ అభిప్రాయమును ఇప్పుడే తీసికొన ప్రార్థన.