రంగూను తెలుగువారు – పౌరసత్వపు చిక్కు



నేను లింగంపల్లి నివాసిని. ఒకప్పుడు నిజాము రాజ్యములోని పల్లెయైన ఈ యూరు నేడు హైదరాబాదు నగరమున కలిసిపోయినది. విశాఖపట్టణమునుండియు, కాకినాడనుండియు రైళ్లలో జనులు వచ్చి యిచట దిగుచుందురు. ఇచట నెన్నేండ్లుగా నున్నావని వారి నడుగువారు లేరు. నిజాము కాలమున ఆ ప్రశ్న యుండెను. 1919 నాటి ముల్కీ నిబంధనలనుబట్టి, పైప్రాంతమువాడు సర్కారు కొలువు కోరినచో 15 సంవత్సరములు రాజ్యమున నివసించి యుండవలెను. ఇట్టి ప్రశ్నయే సముద్రమున కావల మనవారి బ్రదుకులను ఎట్లు తారుమారు చేసెనో నేడు మనవి చేసెదను.

మా పొరుగింట నొక వృద్ధురాలు కలదు. ఆమె రంగూనులో పుట్టి, 1964 లో తన పండ్రెండవ యేట తల్లిదండ్రులతో ఓడ దిగెను. "మీది ఏ దేశమమ్మా?" యని యొకనాడు అడిగితిని. "మా నాయన్ని రెండు దేశాలవాళ్లూ అదే మాట అడిగారు బాబూ. కాగితం చూపించమన్నారు. కాగితమెక్కడిది?" అని ఆమె బదులు చెప్పెను.

పూర్వము గోదావరి తీరమునందలి కోరంగి రేవునుండి మనవారు బర్మాకు పోవుచుండిరి. అందుచేతనే అచ్చటివారు తెలుగువారిని కోరంగీలనిరి. రంగూను రేవులో మూటలు మోసినవారిలోను, బియ్యపు మిల్లులలో పనిచేసినవారిలోను మనవారు పెక్కండ్రు. అప్పుడు బర్మా బ్రిటిషు ఇండియాలో నొక రాష్ట్రము. కూలివానికి రంగూను పోవుటయు, మదరాసు పోవుటయు నొక్కటియే. 1931 నాటికి బర్మాలో భారతీయులు సుమారు 10 లక్షలు. బర్మీయులకును కష్టము లేకపోలేదు. దిగువ బర్మా వరిభూములలో నాలుగవవంతు చెట్టియార్ల వడ్డీవ్యాపారము క్రింద పోయెను. 1930 లో రేవుపని విషయమై తెలుగు కూలీలకును బర్మీయులకును ఘోరమైన కొట్లాట జరిగెను.

1937 ఏప్రిల్ 1 న బర్మాను ఇండియానుండి వేరుచేసిరి. 1941 నాటి వలస ఒడంబడికలో ప్రవేశమునకు అనుమతిపత్రములు విధించిరి. ఆ సంవత్సరము డిసెంబరు 23 న జపాను విమానములు రంగూనుపై బాంబులు వేసెను. నాలుగు లక్షలకు పైబడిన భారతీయులు బర్మాను విడిచిరి. పెక్కండ్రు కాలినడకను అరకాను త్రోవనో, మణిపురపు కొండత్రోవనో పట్టిరి. కలరాచేతను, ఆకలిచేతను వేలకొలది జనులు దారిలోనే మరణించిరి. మా పొరుగు వృద్ధురాలి తాతగారి కాగితములన్నియు ఆ త్రోవలోనే పోయినవట. యుద్ధము ముగియగానే ఆమె తండ్రి మరల రంగూను చేరెను.

1948 జనవరి 4 న బర్మా స్వతంత్రమయ్యెను. బ్రిటిషు ఏలుబడిలోని యితర దేశములందు పుట్టినవాడు పౌరుడు కాగోరినచో, స్వాతంత్ర్యమునకు గాని 1942 జనవరి 1 వ తేదీకి గాని ముందటి పది సంవత్సరములలో ఎనిమిది సంవత్సరములు బర్మాలో నివసించి యుండవలెనని అచ్చటి రాజ్యాంగము విధించెను. మన రాజ్యాంగములోని 8 వ అధికరణమును, తాతతండ్రులు ఇండియాలో పుట్టినవారు విదేశమందలి మన రాయబారి కార్యాలయమున పేరు నమోదు చేయించుకొనవచ్చునని చెప్పినది. ద్వారములు రెండును తెరచియే యుండెను. కాని చదువురాని కూలివాడు ఋజువు లెచ్చటనుండి తెచ్చును? దరఖాస్తు నెవరిచేత వ్రాయించును? పలువురు ఏ పట్టీలోను ఎక్కక విదేశీయులుగా మిగిలిరి. 1962 లో సైన్యము ప్రభుత్వమును చేకొని, తరువాత దుకాణములను జాతీయము చేయగా, లక్షకు మించిన భారతీయులు తిరిగి వచ్చిరి. విశాఖపట్టణమున బర్మా క్యాంపు అను పేట వారివలన ఏర్పడినదే.

పెద్దలారా! నేడును మన పిల్లలు గల్ఫు దేశములకును, మలేషియాకును కూలికి పోవుచున్నారు. పోవువాని జనన ధ్రువపత్రము, పాస్‌పోర్టు, పని ఒప్పందము – వీని ప్రతులను ఇంటిలో నొక కట్టగా నుంచుడు. చదువురానివానికి మీరే వ్రాసిపెట్టుడు. అట్లే మీ యూరికి బ్రదుకుదెరువుకై వచ్చినవాడు కాగితము లేక తడబడినచో, వానిని తరుముటకు ముందు వాని మాట వినుడు. ఆ వృద్ధురాలు 1964 నాటి ఓడ ప్రయాణపు కాగితమును నేటికిని రేకుపెట్టెలో దాచుకొని యున్నది. తండ్రికి లేనిది తనకున్నదని ఆమె ధైర్యము.